లె మోర్న్ కొండ కింద ఏ మొక్క నాటాలి?

మారిషస్ దీవి నైరుతి కొసన, సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఒక ద్వీపకల్పం మీద 556 మీటర్ల ఎత్తున నిట్టనిలువుగా లేచిన నల్లరాతి కొండ పేరు లె మోర్న్ బ్రబాంట్. మూడు వైపులా నీళ్లు, నాలుగో వైపు నేల, చుట్టూ గోడల్లాంటి చరియలు. యజమానుల దగ్గర నుంచి పారిపోయిన బానిసలు 18వ శతాబ్దంలోనూ, 19వ శతాబ్దపు తొలి దశకాల్లోనూ ఈ కొండ గుహల్లో, శిఖరం మీది చదునులో తలదాచుకున్నారు. యునెస్కో 2008లో దీన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. చూడడానికి ఎంత అందమైన కొండ అయినా, ఆ గుర్తింపు అందానికి వచ్చింది కాదు, అక్కడికి పారిపోయి వచ్చిన మనుషుల వల్ల వచ్చింది. బానిసత్వం రద్దయిన రోజుగా మారిషస్‌లో ఏటా ఫిబ్రవరి 1 సెలవు దినం. ఆ రోజు కొండ దిగువన, 2009లో నెలకొల్పిన స్మారక శిలల దగ్గర పూలు ఉంచుతారు.

యుద్ధానికైతే రణభూమి ఉంటుంది, ఉద్యమానికైతే సభ జరిగిన మైదానం ఉంటుంది, వీరుడికైతే సమాధి ఉంటుంది. పారిపోవడానికి అలాంటి గుర్తులేవీ ఉండవు, ఉండకూడదు కూడా, ఎందుకంటే జాడ మిగలకపోవడంలోనే దాని విజయం ఉంది. అందుకే ఇలాంటి జ్ఞాపకానికి విగ్రహం కంటే చెట్టు తగినదన్న ఆలోచన చాలా దేశాల్లో, చాలామందికి సహజంగానే కలిగింది. ఒక మొక్క నాటి, దానికి ఒక పలక తగిలించి, నాలుగు మాటలు మాట్లాడితే స్మరణ పూర్తయినట్టే కనిపిస్తుంది. ఏ మొక్క, ఏ నేలలో, ఎవరి భూమిలో అని అడగడం మొదలుపెడితే మాత్రం ప్రతి ప్రశ్నా మళ్లీ ఆ చరిత్రలోకే లాక్కుపోతుంది. లె మోర్న్ విషయంలో ఇది మరీ నిజం, ఎందుకంటే ఆ దీవిలో బానిసత్వం చెట్లు నరకడంతోనే మొదలైంది.

డచ్చివారు 1638లో మారిషస్‌లో స్థిరపడింది ప్రధానంగా ఎబొనీ కలప కోసం. మన అడవుల్లో బీడీలు చుట్టడానికి ఆకు కోసే తునికి చెట్టుకు ఇది దగ్గరి చుట్టం, వృక్షశాస్త్రం లెక్కలో రెండింటిదీ ఒకే ప్రజాతి. మారిషస్ ఎబొనీ లోపలి చేవ బొగ్గులా నల్లగా, ఇనుములా గట్టిగా ఉంటుంది, ఐరోపా సంపన్నుల ఇళ్లలో సామాన్లకు అప్పట్లో దానికి ఎంతో గిరాకీ ఉండేది. ఆ చెట్లు నరికి, దుంగలు తీరానికి చేర్చడానికి గవర్నర్ ఆడ్రియాన్ వాన్ డెర్ స్టెల్ 1640ల తొలినాళ్లలో మడగాస్కర్ నుంచి నూరు మందికి పైగా బానిసలను తెప్పించాడు. దిగిన కొద్ది వారాల్లోనే వారిలో దాదాపు సగం మంది, ఏ చెట్లు నరకమని తెచ్చారో ఆ చెట్ల మధ్యలోకే పారిపోయారు. దీవి చరిత్రలో తొలి పారిపోత ఇదే. కాబట్టి బానిసత్వం మారిషస్‌కు ఎంత పాతదో, అడవిలోకి తప్పించుకోవడం కూడా అంతే పాతది.

ఇలా పారిపోయిన వారిని 'మరోన్' అంటారు. స్పానిష్ వలసల్లో మంద తప్పి అడవి పట్టిపోయిన పశువును పిలిచే 'సిమరోన్' అన్న మాట ఫ్రెంచిలోకి, ఇంగ్లీషులోకి వచ్చి ఇలా మారింది. పశువుకు వాడిన మాటను మనిషికి తగిలించడంలోనే యజమానులు విషయాన్ని ఎలా చూసేవారో తెలిసిపోతుంది. మారిషస్ క్రియోల్ భాషలో ఈ మాటకు ఇప్పటికీ రెండు అర్థాలూ నడుస్తున్నాయి, అడవి బారిన జంతువూ మరోనే, తాతల కాలంలో సంకెళ్లు తెంచుకుని వెళ్లిన మనిషీ మరోనే. మొదటి అర్థంలోని తక్కువతనాన్ని రెండో అర్థం కడిగేసి, ఆ మాటను గౌరవంగా మార్చుకున్న తీరు నాకు ఆ కొండ దిగువనున్న శిలలకంటే గొప్ప స్మారకంగా తోస్తుంది.

డచ్చివారు 1710లో దీవిని వదిలిపోయాక ఫ్రెంచివారు వచ్చారు, బానిసల సంఖ్య వేలకు, పదివేలకు పెరిగింది. మడగాస్కర్ నుంచి, మొజాంబిక్ తీరం నుంచి ఎక్కువమందిని తెచ్చారు. ఇండియా నుంచి తెచ్చినవారూ ఉన్నారు, ఆ మాటకొస్తే కోరమాండల్ తీరంలో ఫ్రెంచి స్థావరాలు ఉన్నది బట్టల వ్యాపారానికి మాత్రమే కాదు. 1723లో ఫ్రెంచి రాజు ఈ దీవుల కోసం జారీ చేసిన శాసనం పారిపోయిన బానిసకు శిక్షలను మెట్లు మెట్లుగా నిర్ణయించింది. నెల రోజులు కనబడకుండా పోతే చెవులు కోసి, ఒక భుజం మీద లిల్లీ పువ్వు ముద్ర కాల్చాలి. రెండోసారి పారిపోతే మోకాలి వెనక నరం తెంచి, రెండో భుజం మీదా వాత పెట్టాలి. మూడోసారికి మరణశిక్ష. ఆ లిల్లీ పువ్వు ఫ్రెంచి రాచరికపు చిహ్నం. 1735 నుంచి గవర్నరుగా ఉన్న లాబూర్డొనే, అంటే 1746లో మద్రాసును ముట్టడించి పట్టుకున్నాడని మన చరిత్ర పాఠాల్లో చదువుకునే ఆ నౌకాధిపతే, పారిపోయిన బానిసలను వేటాడడానికి బానిసలకే ఆయుధాలిచ్చి పంపే పద్ధతిని ప్రవేశపెట్టాడు.

ఇంత కఠినమైన శిక్షలు ఉన్నా పారిపోవడం ఆగలేదు. బ్రిటిషువారు 1810లో దీవిని గెలుచుకున్న తర్వాత అది ఇంకా పెరిగింది, 1820ల తొలినాళ్లలో ఏడాది పొడవునా లెక్క చూస్తే పదిమంది బానిసల్లో ఒకరికి పైగా ఏదో ఒక సమయంలో పనిలోంచి తప్పించుకుపోయినవారే. ఇక్కడ ఒక చిక్కు ఉంది. వీరందరూ కొండలెక్కి జీవితాంతం స్వేచ్ఛగా బతికినవారు కాదు. చాలామంది కొన్ని రోజులకో వారాలకో పట్టుబడ్డారు, లేదా ఆకలికి తాళలేక తిరిగి వచ్చారు, కొందరు పక్క తోటలో పనిచేసే భార్యనో తల్లినో చూసి రావడానికి వెళ్లినవారు. అధికారుల చిట్టాల్లో వీరందరి పేరూ మరోనే. స్మారక సభల్లో వినిపించే మరోన్ మాత్రం శిఖరం మీద నిలబడి తలవంచని ఒకే ఒక్క మనిషి. ఆ ఒక్క చిత్రం అబద్ధం కాదు కానీ, కొద్ది రోజుల కోసం శిక్షకు సిద్ధపడిన మనిషి తెగువ అందులో కనిపించకుండా పోతుంది.

పైగా మనకున్న కాగితాలన్నీ వేటాడినవారు రాసుకున్నవే. పట్టుబడినవారి పేరు, వయసు, యజమాని పేరు, ఒంటి మీది గుర్తులు చిట్టాల్లోకి ఎక్కాయి. పట్టుబడనివారి గురించి రాసేవారు ఎవరూ లేరు. లె మోర్న్ కొండ ఎక్కి స్థిరపడినవారి గురించి మనకు తెలిసింది వంశపారంపర్యంగా వచ్చిన కథల నుంచి, పాటల నుంచి, కొంతవరకు గుహల్లో, పాత శ్మశానంలో జరిగిన పురావస్తు పరిశోధనల నుంచి. అంటే ఎవరు పూర్తిగా గెలిచారో వారి గురించే అతి తక్కువ తెలుసు. ఇలాంటి చరిత్రకు స్మారకం కట్టేటప్పుడు పేర్లు చెక్కడానికి పేర్లు ఉండవు కాబట్టి, వారిని దాచిన చోటునే స్మారకం చేసుకోవాల్సి వస్తుంది.

ఆ చోటు సంగతి చూద్దాం. మరోన్‌కు అడవి కోటగోడ, గిడ్డంగి, దారి అన్నీ. అది ఉన్నంతకాలం వేట కష్టం. మారిషస్ చక్కెర మీద బ్రిటన్‌లో సుంకం 1825లో వెస్టిండీస్ చక్కెరతో సమానం కావడంతో దీవిలో చెరకు విపరీతంగా విస్తరించింది, చెరకు విస్తరించిన మేరకు అడవి కూలింది. బానిసలు అత్యధికంగా పారిపోతున్న ఆ దశాబ్దంలోనే దాక్కోవడానికి చోటు అత్యంత వేగంగా తరిగిపోయింది. మైదానం చెరకుతోట అయ్యాక మిగిలినవి ఎడ్లబండి ఎక్కలేని లోయలు, నాగలి పారని చరియలు. లె మోర్న్ అలా మిగిలిన వాటిలో ఒకటి. ఇప్పుడు దీవి మొత్తం మీద చెడకుండా ఉన్న సహజారణ్యం రెండు శాతం కంటే తక్కువ. కనుక ఆ కొండ కింద చెట్టు నాటడం అంటే ఊరికే ఒక పచ్చని గుర్తు పెట్టడం కాదు, తప్పించుకోవడానికి పనికొచ్చిన దానినే తిరిగి నిలబెట్టడం. ఈ స్మారకాల గురించి నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

కొండ చరియలను దగ్గరగా చూస్తే ఈ పోలిక ఇంకా స్పష్టమవుతుంది. మారిషస్ జాతీయ పుష్పంగా 1992లో ప్రకటించిన ట్రోచేషియా బౌటోనియానా అనే పొద సహజంగా పెరిగేది ఈ ఒక్క కొండ మీదే. ఎర్రగా, గంటలా కిందికి వేలాడే పువ్వు, లోపల మకరందం కూడా ఎర్రగానే ఉంటుంది. స్థానికులు దాన్ని చెవిపోగు అని అర్థం వచ్చే మాటతో పిలుస్తారు, మనవాళ్లు చూస్తే జూకా పువ్వు అని ఉండేవారు. మాండ్రినెట్ అనే అడవి మందారం ఈ కొండ మీద, కోర్ ద గార్డ్ అనే మరో కొండ మీద తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా లేదు. అక్కడా మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టడానికి కొంచెం ఎక్కువ, అంతే. ఈ మొక్కలు ఇక్కడే ఎందుకు మిగిలాయంటే, డచ్చివారు జావా నుంచి తెచ్చి వదిలిన జింకలు ఈ నిలువు రాతి మీదికి ఎక్కలేవు, గొడ్డలి అందదు, చెరకు పండదు. ఏ కారణాల వల్ల మనుషులు ఇక్కడ పట్టుబడలేదో దాదాపు అవే కారణాల వల్ల మొక్కలూ బతికాయి.

ఈ కొండకు సంబంధించి అందరికీ తెలిసిన కథ మాత్రం బతకడం గురించి కాదు, చావడం గురించి. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయిందని చెప్పడానికి సైనికులతోనో పోలీసులతోనో ఒక బృందం కొండ ఎక్కడం మొదలుపెట్టిందని, అది చూసి తమను పట్టుకోవడానికే వస్తున్నారనుకున్న మరోన్లు బానిసత్వంలోకి తిరిగి వెళ్లడం కంటే చావే మేలని శిఖరం నుంచి సముద్రంలోకి దూకారని కథ. స్వేచ్ఛ వార్త మోసుకొచ్చినవారే మృత్యువైన విషాదం అది. దీన్ని రుజువు చేసే పత్రాలు లేవు. అది నోటి మాటగా, బానిసల సంతతివారైన క్రియోల్ కుటుంబాల జ్ఞాపకంగా వచ్చింది. యునెస్కో కూడా దాన్ని మౌఖిక సంప్రదాయంగానే పేర్కొంది.

పత్రాలు లేవు కాబట్టి కథను కొట్టిపారేయడం తొందరపాటు, పత్రాలు రాసే అధికారం ఎవరి చేతిలో ఉండేదో పైన చూశాం. అయితే కథలోని తేదీని కాస్త విప్పి చూడడం అవసరం. బ్రిటిష్ పార్లమెంటు 1833లో చేసిన చట్టం ప్రకారం మారిషస్‌లో 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం చట్టరీత్యా ముగిసింది. అప్పటికి దీవిలో సుమారు 66,000 మంది బానిసలు ఉన్నారు. ఆ రోజు ఉదయం వారు స్వతంత్రులు కాలేదు. శిక్షణ పేరుతో, అదే యజమాని కింద, జీతం లేకుండా మరికొన్నేళ్లు పని చేయాలని చట్టం చెప్పింది. ఆ ఏర్పాటు మారిషస్‌లో 1839 మార్చి ఆఖరు వరకు నడిచింది. నష్టపరిహారం మాత్రం వెంటనే లెక్కగట్టారు, అదీ బానిసలకు కాదు, యజమానులకు. బ్రిటిష్ సామ్రాజ్యం మొత్తానికి కేటాయించిన 2 కోట్ల పౌన్లలో 20 లక్షలకు పైగా మారిషస్ యజమానులకు దక్కింది. కొండ ఎక్కుతున్న ఆ బృందం నిజంగా వచ్చి ఉంటే, అది మోసుకొచ్చిన వార్త కూడా పూర్తిగా స్వేచ్ఛ వార్త కాదన్నమాట. దూకినవారు పొరబడ్డారని కథ చెబుతుంది. మరీ అంతగా పొరబడలేదని కాగితాలు చెబుతున్నాయి.

స్మారకం అనేసరికి ఆ దూకడమే అందరి మనసులోనూ నిలిచిపోవడం సహజం. కానీ దానివల్ల ఒక నష్టం ఉంది. ఆ కొండ మీద మనుషులు ఏళ్ల తరబడి నీళ్లు వెతుక్కుని, పొగ కనబడకుండా నిప్పు రాజేసి, చరియల మధ్యనున్న ప్రమాదకరమైన చీలికను దాటుకుంటూ, రాత్రిపూట కిందికి దిగి తిండి సంపాదించుకుని బతికారు. ఒక్క క్షణంలో జరిగిన చావు ఆ బతుకునంతా కప్పేస్తుంది. రాతి స్మారకం చావును బాగా పట్టి చూపుతుంది, ఆ బతుకును చూపాలంటే పెరిగేది, ఎండేది, మళ్లీ చిగురించేది ఏదైనా కావాలి. చెట్టు వైపు నా మొగ్గు ఇందుకే.

చెట్టుకున్న మరో ఇబ్బందిని కూడా చెప్పాలి. చెట్టును చూడగానే మనం దానికి వయసు కట్టబెడతాం, సాక్షిగా నిలబెడతాం, అది కాదనలేదు కదా. జమైకా కొండల్లో అకాంపాంగ్ అనే మరోన్ గ్రామంలో కిండా అనే పెద్ద మామిడిచెట్టు ఉంది. బ్రిటిషువారితో ఏళ్ల తరబడి పోరాడి 1739లో సంధి చేసుకున్న నాయకుడు కుజో తన వాళ్లను ఆ చెట్టు కిందే సమావేశపరిచాడని చెబుతారు, ఏటా జనవరి 6న వేడుక దాని కిందే జరుగుతుంది. అయితే మామిడి జమైకాకు చేరింది 1782లో, హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచి దీవుల నుంచి మొక్కలతో వెళ్తున్న ఓడను బ్రిటిష్ నౌకాదళం పట్టుకున్నప్పుడు. కుజో ఆ మామిడి నీడను చూసి ఉండే అవకాశం లేదు. పైగా ఆ సంధిలో ఒక షరతు ఉంది: ఇకమీదట పారిపోయి వచ్చే బానిసలను మరోన్లే పట్టి అప్పగించాలి. ఒకరి స్వేచ్ఛకు వెల ఇంకొకరి పారిపోతను అడ్డుకోవడం. కిండా కింద ఏటా జరిగే పండుగ దీనివల్ల బూటకం అయిపోదు, ఆ గ్రామాన్ని తరతరాలుగా ఒక్కటిగా కట్టి ఉంచిన చెట్టు అది. కాకపోతే చెట్టు గుర్తు చేసేది ఒకటి, అది నిజంగా చూసింది మరొకటి అన్న తేడాను మనం దృష్టిలో పెట్టుకోవాలి.

దీనికి భిన్నంగా వయసు విషయంలో సందేహం అక్కర్లేని చెట్టు అమెరికాలో వర్జీనియాలోని హాంప్టన్‌లో ఉంది. 1861 మే 23 రాత్రి ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మాలరీ, జేమ్స్ టౌన్సెండ్ అనే ముగ్గురు బానిసలు పడవలో తప్పించుకుని, అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం చేతిలో ఉన్న మన్రో కోటకు చేరారు. యజమాని తరఫు మనిషి వచ్చి వారిని అప్పగించమని అడిగితే, వృత్తిరీత్యా వకీలైన జనరల్ బెంజమిన్ బట్లర్ ఒక మెలిక పెట్టాడు. వర్జీనియా రాష్ట్రం అమెరికా దేశం నుంచి విడిపోయామని ప్రకటించుకుంది కనుక ఆ దేశపు చట్టం దానికి వర్తించదు, శత్రువు యుద్ధానికి వాడుకుంటున్న ఆస్తిని స్వాధీనం చేసుకోవచ్చు, మీరే వీళ్లను ఆస్తి అంటున్నారు కదా అన్నాడు. మనిషిని ఆస్తిగా చూసే తర్కమే తిరగబడి మనిషికి అక్కరకొచ్చింది. ఆ తర్వాత వేలమంది ఆ కోట వైపు నడిచారు. మేరీ పీక్ అనే నల్లజాతి ఉపాధ్యాయురాలు అదే ఏడాది అక్కడ ఒక ఓక్ చెట్టు నీడన పిల్లలకు చదువు చెప్పింది, 1863లో లింకన్ విమోచన ప్రకటనను ఆ చెట్టు కిందే చదివి వినిపించారు. అది ఎవరూ స్మారకంగా నాటిన చెట్టు కాదు, అప్పటికే అక్కడ ఉన్నది.

మళ్లీ లె మోర్న్‌కు వద్దాం. కొండ కింది ఇసుక తీరమంతా వరసగా కనిపించే చెట్లు సరుగుడు. భీమిలి నుంచి చీరాల దాకా మన తీరంలో చూసే సరుగుడే. గాలివాటు అడ్డుకోవడానికి బయటి నుంచి తెచ్చి పెంచినది, దాని ఆకు రాలిన చోట ఇంకో మొలక లేవడం కష్టం. వేసవిలో మన వీధుల్ని ఎర్రగా మార్చే తురాయి కూడా మారిషస్‌లో ఎక్కడపడితే అక్కడ ఉంటుంది. దాని పుట్టిల్లు మడగాస్కర్. బానిసలను తెచ్చిన తీరం నుంచే వచ్చిన చెట్టు కాబట్టి అది తగినదే కదా అని ఎవరైనా అనవచ్చు, ఆ వాదనలో అందం ఉంది, నాకూ కాసేపు నచ్చింది. కానీ మరోన్లు దాగింది తురాయి కింద కాదు. వారిని దాచిన అడవిలో ఎబొనీ ఉంది, తాటికి చుట్టమైన లటానియర్ ఉంది, మన మద్ది, కరక్కాయ చెట్ల ప్రజాతికే చెందిన బెంజోయిన్ ఉంది. పడమటి తీరం వానచాటు ప్రాంతం. అక్కడి ఎండకు, ఉప్పుగాలికి, తుపానుకు తట్టుకునేలా తయారైనవి ఇవే.

అయితే ఎబొనీ మొక్కను నాటడం అంటే ఓపికకు పరీక్ష. మనిషెత్తు పెరగడానికే ఏళ్లు పడుతుంది, చేవ నల్లబడడానికి తరాలు పడుతుంది. నాటినవారు దాని నీడలో కూర్చోరు. ఫిబ్రవరి 1 అక్కడ నడివానాకాలం, మొక్క నాటడానికి అనువైన సమయమే, ఆ మేరకు పంచాంగం కలిసివచ్చింది. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. బ్రెజిల్ నుంచి వచ్చిన చీనా జామ మారిషస్ అడవులకు పట్టిన పెద్ద చీడ. వేలు కూడా దూరనంత దట్టంగా మొలిచి, కింద మరే మొలకకూ వెలుతురు అందనివ్వదు. పండు తియ్యగా ఉంటుంది కాబట్టి జనానికి ఇష్టం, అడవిపందులు, కోతులు దాని గింజలను అడవంతా చల్లుతాయి. కంచె కట్టి, జామను వేళ్లతో సహా తీసి, మళ్లీ మొలిచినదాన్ని మళ్లీ తీస్తూ ఉంటేనే దేశీయ మొక్క నిలబడుతుంది. దీవి ఆగ్నేయాన ఇల్ ఓ జెగ్రెట్ అనే 26 హెక్టార్ల చిన్న లంకలో తీరప్రాంతపు ఎబొనీ అడవిని ఇలాగే దశాబ్దాల పాటు కలుపు తీసి బాగుచేశారు. ఫొటోలకు నాటడమే బాగుంటుంది. స్మారకం మాత్రం కలుపు తీసే వారి నడుముల మీద నిలబడుతుంది.

ఇక భూమి సంగతి. కొండ వాలులో త్రూ షెనీ అనే చోట బానిసల సంతతివారు కొన్ని తరాలు నివసించారు, 20వ శతాబ్దం నడుమ అక్కడి నుంచి కదిలి ఇప్పటి లె మోర్న్ గ్రామానికి చేరారు. తీరం వెంట విలాసవంతమైన హోటళ్లు లేచాయి. బానిసత్వం, ఒప్పంద కూలీ వ్యవస్థల పర్యవసానాలపై మారిషస్ ప్రభుత్వం 2009లో వేసిన సత్య న్యాయ సంఘం 2011లో ఇచ్చిన నివేదికలో, బానిసల వారసులు తమ భూములు ఎలా పోగొట్టుకున్నారన్నది ప్రధానమైన అంశాల్లో ఒకటి. తమ పూర్వీకులు దాగిన కొండకు వెళ్లే దారి కోసం ఇతరుల అనుమతి అడగాల్సి వచ్చినవారికి, ఆ కొండ కింద ఒక మొక్క నాటుకునే అవకాశం ఇవ్వడం గొప్ప ఔదార్యంగా అనిపించకపోవచ్చు. మొక్క వేరు పట్టాలంటే ముందు నేల ఎవరిదో తేలాలి.

ఈ కథకు ఒక తెలుగు కొస కూడా ఉంది. విముక్తులైన బానిసలు తోటలు వదిలి వెళ్లిపోతారని ముందే ఊహించిన చెరకు యజమానులు ఇండియా నుంచి ఒప్పంద కూలీలను రప్పించారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో 36 మందితో మొదలై, 20వ శతాబ్దపు తొలి దశకం నాటికి నాలుగున్నర లక్షల మంది దాకా వచ్చారు. గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి వెళ్లిన తెలుగువారిని కోరంగి రేవు పేరు మీద 'కొరింగీలు' అని పిలిచారు. ఇవాళ ఆ దేశంలో ఉగాది జాతీయ సెలవు దినం, బడుల్లో తెలుగు చెబుతారు. కూలీలు బానిసలు కారు, జీతం ఉంది, గడువు ఉంది, ఒప్పందం మీద వేలిముద్ర ఉంది. కానీ పని మానితే 'పరారీ' నేరం, పాసు లేకుండా తోట దాటితే 'దేశదిమ్మరి' నేరం. ఫొటో అతికించిన పాసు తప్పనిసరి చేస్తూ 1867లో చట్టం వచ్చింది, పోలీసులు దారుల్లో కాపు కాసి కూలీలను పట్టుకునేవారు, ఆ పట్టివేతలను 'వేట' అనే మాటతోనే పిలిచారు. మరోన్లను వేటాడిన దీవిలో ఆ మాట మళ్లీ కొరింగీల మీదికి మళ్లింది. 1871లో పాత కూలీలు తొమ్మిది వేలకు పైగా సంతకాలతో ఇచ్చిన విన్నపం మీద బ్రిటిష్ ప్రభుత్వం విచారణ సంఘాన్ని పంపాల్సి వచ్చింది. కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్ 2006లో, మరోన్లు ఎక్కిన లె మోర్న్ రెండేళ్ల తర్వాత, యునెస్కో జాబితాలో చేరాయి. ఎవరి తాతలు ఏ మెట్లెక్కారో దాన్ని బట్టి దేశంలో ఒక్కొక్కరికి ఒక్కో స్మారకం అన్నట్టు ఈ రెండింటినీ విడదీసి చూసే అలవాటు అక్కడ లేకపోలేదు. కొండ చుట్టూ ఉన్న చెరకును మొదట నాటింది ఒకరు, తర్వాత కోసింది ఇంకొకరు.

చివరగా ఒక మొక్క గురించి. తెలుగింట పూజకు కోసే మందారం మారిషస్‌లో కూడా ఇళ్ల ముందు, గుళ్ల దగ్గర, హోటళ్ల తోటల్లో విరివిగా పూస్తుంది. స్మరణార్థం ఎవరైనా ఒక మొక్క నాటదలచుకుంటే సులువుగా దొరికేదీ, కొమ్మ గుచ్చితే బతికేదీ, పెద్ద ఎర్రపువ్వుతో కంటికి ఇంపుగా ఉండేదీ అదే. కానీ కొండ మీది మాండ్రినెట్‌కు ఉన్న ప్రమాదాల్లో ఈ తోట మందారం ఒకటి. రెండూ దగ్గరి జాతులు, పక్కపక్కన ఉంటే ఒకదాని పుప్పొడి మరొకదానికి అంటి, సంకర మొక్కలు పుట్టుకొస్తాయి, కొన్ని తరాల్లో అసలు మాండ్రినెట్ అన్నది మిగలకుండా పోవచ్చు. అందుకే మాండ్రినెట్ మొక్కను నర్సరీలో పెంచదలిచినవారు తల్లిమొక్క ఏదో, దాని చుట్టుపక్కల తోట మందారం ఉందో లేదో ముందు చూసుకోవాలి, గింజ కంటే కొమ్మ అంటునే నమ్ముకోవాలి. ఫిబ్రవరిలో వానలు పడే వేళ ఆ అంటును చరియ మొదట్లో నాటి, చుట్టూ మొలిచిన జామను పీకి, కిందనున్న పెరళ్లలోని ఎర్రమందారాలను వీలైనంత దూరంలో ఉంచాలి.